బి-ఫారం మీద ఇంటిపేరు కాదు, పనిచేసిన మనిషి పేరు రాయండి

ఆంధ్రప్రదేశ్‌లోని అన్ని రాజకీయ పార్టీల రాష్ట్ర అధ్యక్షులకు, అభ్యర్థుల్ని ఎంపిక చేసే కమిటీల పెద్దలకు విశాఖపట్నం నుంచి ఒక బూత్ కార్యకర్త రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను కంచరపాలెంలో చిన్న జిరాక్సు షాపు నడుపుకునేవాణ్ని. 18 ఏళ్లకే ఓటు హక్కు వచ్చిన 1989 ఎన్నికల్లో మొదటి ఓటు వేశాను, ఆ రోజే మొదటిసారి బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాను. అప్పటి నుంచి ఒకే పార్టీ. ఆ పార్టీ పేరు ఈ లేఖలో రాయడం లేదు. రాస్తే ఇది ఆ పార్టీ ఇంటి గొడవగా మిగిలిపోతుంది. నేను చెప్పబోయేది మీ అందరికీ వర్తిస్తుంది: మీరిచ్చే పార్టీ టికెట్, అంటే బి-ఫారం, పనిచేసిన కార్యకర్తలకి కాకుండా నాయకుల ఇళ్లకే వెళ్తోంది.

ఇదే విషయం మీద మా పార్టీ జిల్లా ఆఫీసుకి మూడుసార్లు, రాష్ట్ర ఆఫీసుకి రెండుసార్లు రాతపూర్వకంగా ఇచ్చాను. చివరి ఉత్తరం మీద మా వార్డు కమిటీ సభ్యులందరం సంతకాలు పెట్టాం. "అందింది" అన్న మాట కూడా రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

మాదీ మూడు తరాల కుటుంబమే. మా నాన్న పోర్టులో కలాసీ. 1967లో తెన్నేటి విశ్వనాథం గారు ఇండిపెండెంటుగా పార్లమెంటుకి నిలబడితే ఆయన కోసం రాత్రుళ్లు సున్నం బకెట్టు పట్టుకుని గోడల మీద పేరు రాశాడు. నేను 1989లో కూర్చున్నాను. 2024 మే 13న నా కొడుకు అదే స్కూల్లో, పక్క గదిలో ఏజెంటుగా కూర్చున్నాడు. తెల్లవారుజామున వెళ్లి మాక్ పోల్ చూసి, రాత్రి మిషన్లకు సీలు వేశాక, పోలైన ఓట్ల లెక్క ఉండే 17-సి కాగితం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. అన్నం తింటూ వాడు అడిగిన మాట ఈ లేఖకు కారణం. "నాన్నా, తాతయ్య గోడలు రాశాడు, నువ్వు స్లిప్పులు పంచావు, నేను ఏజెంటుగా కూర్చున్నాను. మన ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా లోపలికి వెళ్తారా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మీరు చెప్పాలి.

మా విశాఖ పార్లమెంటు సీటు కథ ఒకసారి గుర్తు చేస్తాను. 1952లో మొదటి ఎన్నిక. అప్పుడు ఇక్కడి నుంచి ఇద్దరు సభ్యులు. ఒకరు డాక్టర్ లంకా సుందరం, చదువుకున్న పండితుడు. రెండోవారు గాం మల్లుదొర, అల్లూరి సీతారామరాజుతో కలిసి మన్యంలో పోరాడి అండమాన్ జైలుకి వెళ్లొచ్చిన మనిషి. ఇద్దరూ ఇండిపెండెంట్లే. వాళ్ల వెనకాల తండ్రి పదవి లేదు, మామగారి పార్టీ లేదు. స్వతంత్రం వచ్చిన కొత్తలో ఈ ఊరు పార్లమెంటుకి పంపింది అలాంటి వాళ్లని.

ఆ తర్వాత పూసపాటి వారి కాలం. 1957లో విజయనగరం రాజా పి.వి.జి. రాజు గారు గెలిచారు. 1960లో, మళ్లీ 1962లో ఆయన బాబాయి విజ్జీ గారు గెలిచారు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ ఆయనే. 1967లో తెన్నేటి వారు. 1971లో మళ్లీ పి.వి.జి. రాజు గారు. 1989లో, నేను మొదటి ఓటు వేసిన ఏడాది, ఆ ఇంటి కోడలు ఉమా గజపతిరాజు గారు. పక్కనే విజయనగరంలో పి.వి.జి. రాజు గారి చిన్నబ్బాయి అశోక్ గజపతిరాజు గారు 1978లో మొదటిసారి ఎమ్మెల్యే అయ్యారు, 2014లో కేంద్ర విమానయాన మంత్రి అయ్యారు, 2025లో గోవా గవర్నరుగా వెళ్లారు. 2024లో ఆయన అమ్మాయి అదితి గారు విజయనగరం ఎమ్మెల్యేగా గెలిచారు. తాత, తండ్రి, మనవరాలు.

ఈ కుటుంబాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. పి.వి.జి. రాజు గారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటనే చదువులకి ఇచ్చారు. ఉత్తరాంధ్రలో ఎన్ని వేల ఇళ్లలో మొదటి డిగ్రీ ఆ కాలేజీల్లో వచ్చిందో మాకు తెలుసు. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ రోజున ఆ వంశం వారు కోట బురుజు మీద కూర్చుంటే జనం దండం పెడతారు, నేనూ పెడతాను. సింహాచలం దేవస్థానానికి వారు అనువంశిక ధర్మకర్తలు. గుడి విషయంలో అనువంశికం అనే మాటకి చట్టంలో చోటుంది. అయినా అక్కడ కూడా 2020లో ఎవరు ఉండాలన్న వివాదం వస్తే హైకోర్టు దాకా వెళ్లింది, 2021 జూన్‌లో తీర్పు వచ్చింది. గుడి ధర్మకర్త పదవి గురించి అడగడానికి ఒక కోర్టు ఉంది. ఎమ్మెల్యే టికెట్ ఫలానా వారికే ఎందుకిచ్చారని అడగడానికి మాకు ఎక్కడా చోటు లేదు.

ఇది ఒక్క కుటుంబం సంగతీ కాదు, ఒక్క పార్టీ సంగతీ కాదు. 2009లో విశాఖ ఎంపీగా గెలిచింది ఎన్టీఆర్ గారి కుమార్తె పురందేశ్వరి గారు. 2014లో రెండో స్థానంలో నిలిచింది వైఎస్ గారి సతీమణి విజయమ్మ గారు. ఆ ఎన్నికలో యూనివర్సిటీ ప్రొఫెసరు కంభంపాటి హరిబాబు గారు 90 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు, అంటే ఈ ఊరి ఓటరు ఇంటిపేరు చూసి మాత్రమే ఓటేస్తాడని మీరు అనుకుంటే అది తప్పు. 2019లో 4,414 ఓట్లతో ఓడిపోయింది మాజీ ఎంపీ ఎం.వి.వి.ఎస్. మూర్తి గారి మనవడు శ్రీభరత్ గారు. 2024లో ఆయనే అయిదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆయనపై పోటీ చేసింది బొత్స సత్యనారాయణ గారి సతీమణి, మాజీ ఎంపీ ఝాన్సీ గారు. అంటే 2009 నుంచి నాలుగు ఎన్నికల్లోనూ మొదటి రెండు స్థానాల్లో రాజకీయ కుటుంబం ఉంది. 2024లో రెండు ప్రధాన పక్షాల అభ్యర్థులూ అలాంటి ఇళ్ల నుంచే వచ్చారు. అదే ఏడాది గాజువాకలో పల్లా శ్రీనివాసరావు గారు, గుడివాడ అమర్‌నాథ్ గారు తలపడ్డారు. ఒకరి తండ్రి మాజీ ఎమ్మెల్యే. ఇంకొకరి తాత, తండ్రి ఇద్దరూ ఎమ్మెల్యేలుగా చేసినవారే.

ఇక పార్టీల తలకాయల దగ్గరికి వస్తే, 2024లో తెలుగుదేశం రాష్ట్ర అధ్యక్షులైన పల్లా గారు మాజీ ఎమ్మెల్యే కొడుకు. 2025లో బీజేపీ రాష్ట్ర అధ్యక్షులైన మాధవ్ గారు మా విశాఖ మనిషే, అదే పార్టీకి అధ్యక్షులుగా చేసిన చలపతిరావు గారి అబ్బాయి. 2024లో కాంగ్రెస్ అధ్యక్షురాలైన షర్మిల గారు, వైసీపీ అధ్యక్షులు జగన్ గారు వైఎస్ గారి పిల్లలు. జనసేన అధ్యక్షులు పవన్ కల్యాణ్ గారు ప్రజారాజ్యం పెట్టిన చిరంజీవి గారి తమ్ముడు. తెలుగుదేశం జాతీయ అధ్యక్షులు చంద్రబాబు గారు 1978లో తన సొంత కష్టంతోనే ఎమ్మెల్యే అయ్యారు, అది గౌరవంగా ఒప్పుకోవాలి. కానీ ఆ పార్టీలో ఆయన తర్వాత ఎవరి పేరు వినపడుతుందో అందరికీ తెలుసు.

వీళ్లలో సమర్థులు లేరని నేను అనడం లేదు. ఉన్నారు. కొందరు బాగా పనిచేస్తున్నారు. నా బాధ తలుపు దగ్గర ఉంది. లోపలికి వెళ్లే తలుపు వాళ్లకి పుట్టుకతో తెరిచి ఉంటోంది, మాకు ముప్ఫై అయిదేళ్లు పనిచేసినా తెరుచుకోవడం లేదు. దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో నేను చూసినవి చెబుతాను.

1. మెట్లు పోయాయి.

వెనకాల ఎవరూ లేని మనిషి రాజకీయాల్లో పైకి రావడానికి ఉన్న మొదటి మెట్టు వార్డు. ఈ ఊళ్లో అది పనిచేసిన రోజులున్నాయి. 1981లో ఎన్.ఎస్.ఎన్. రెడ్డి గారు, 1987లో లాయరు డి.వి. సుబ్బారావు గారు, 1995లో సబ్బం హరి గారు మేయర్లయ్యారు. మేయరు కుర్చీ నుంచి వెళ్లి హరి గారు 2009లో అనకాపల్లి ఎంపీ అయ్యారు.

2007లో గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థకి (జీవీఎంసీకి) ఎన్నికలు జరిగాయి. అప్పుడు 72 వార్డులు. నేనూ ఆశపడ్డాను, దాచను. టికెట్ అడిగాను. "వచ్చేసారి తప్పకుండా చూద్దాం" అన్నారు. ఆ వచ్చేసారి రావడానికి 14 ఏళ్లు పట్టింది. 2012లో కౌన్సిల్ గడువు ముగిసింది. అయిదేళ్లు నిండేలోపే ఎన్నికలు జరిపి తీరాలని రాజ్యాంగం 243-యు అధికరణం చెబుతోంది. విలీనాలు, వార్డుల విభజన, కోర్టు కేసులు అంటూ కారణాలు చెప్పుకుంటూ వచ్చారు. 2021 మార్చిలో గానీ ఓటు పడలేదు. తొమ్మిదేళ్లు ఈ మహానగరానికి కార్పొరేటర్ లేడు, మేయర్ లేడు.

ఆ తొమ్మిదేళ్లలో రాష్ట్రంలో మూడు పార్టీల ప్రభుత్వాలు వచ్చాయి. ఎవరూ దీన్ని గట్టిగా పట్టించుకోలేదు. ఎందుకంటే నాకు అర్థమైంది ఇదీ: చాలామంది వారసులకి వార్డు మెట్టు అక్కర్లేదు, నేరుగా మేడ మీదకే వెళ్తారు. మెట్లు కూలిపోతే నష్టపోయేది కింద నిలబడ్డవాళ్లే. ఒక తరం కార్యకర్తలు, అప్పుడు ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో ఉన్నవాళ్లు, ఒక్కసారి కూడా పోటీ చేయకుండానే ముసలివాళ్లయ్యారు.

ఆ తొమ్మిదేళ్లలో ఏం వచ్చాయో చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. 2020లో కరోనా. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. మూడుసార్లూ ఈ ఊళ్లో జనం ఎన్నుకున్న కార్పొరేటర్ ఒక్కరూ లేరు. హుద్‌హుద్ తర్వాత మా వీధికి పది రోజులు కరెంటు రాలేదు. నీళ్ల ట్యాంకర్ ఎవరిని అడగాలో తెలియదు. అధికారులు వాళ్లకి చేతనైంది చేశారు, కానీ ఏ కొండవాలు మీద ఏ మెట్ల దారిలో ఎంతమంది ముసలివాళ్లున్నారో వాళ్లకి ఎలా తెలుస్తుంది? మా వీధి డ్వాక్రా లీడరు ఒకావిడ ఉంది. చీర కొంగు నడుముకి చుట్టుకుని, రేకులు లేచిపోయిన ఇళ్లన్నీ తిరిగి నోటుబుక్‌లో జాబితా రాసింది. నష్టపరిహారం జాబితాలో మా వాళ్ల పేర్లు ఎక్కాయంటే ఆ నోటుబుక్ వల్లే.

2. ఆడవాళ్ల సీటు ఆడవాళ్లకి చేరలేదు.

2021లో 98 వార్డులయ్యాయి. సగం సీట్లు మహిళలకి. మా వార్డు మహిళకి రిజర్వు అయ్యింది. నాకు అవకాశం పోయిందని బాధపడలేదు, నిజంగా సంతోషపడ్డాను, ఎందుకంటే సరైన మనిషి మా కళ్ల ముందే ఉంది. కమిటీ అంతా కూర్చుని ఆ డ్వాక్రా లీడరు పేరు రాసి పంపాం. ఆవిడ మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట: "ఏటన్నయ్యా, మనకిత్తారేటి?" నేనే ధైర్యం చెప్పాను. ఫోటోలు తీయించాను, కుల ధ్రువీకరణ పత్రం, పన్ను రసీదులు నేనే జిరాక్సు తీసి ఫైలు కట్టాను.

బి-ఫారం ఒక నాయకుడి కోడలికి వచ్చింది. ఆవిడ మా వార్డులో ఉండేవారు కాదు. మంచి అమ్మాయి, చదువుకుంది, ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ప్రచారంలో మా డ్వాక్రా లీడరే ఆవిడ చెయ్యి పట్టుకుని ప్రతి గడపకీ తీసుకెళ్లి, "ఇదిగో మన అభ్యర్థి" అని పరిచయం చేసింది. ఇరవై మూడు రోజులు. ఆ ఫైలు ఇప్పటికీ నా షాపు బీరువాలో ఉంది.

2023లో 106వ రాజ్యాంగ సవరణ వచ్చింది. రేపు అసెంబ్లీలో, పార్లమెంటులో మూడో వంతు సీట్లు మహిళలకి వస్తాయి. ఇదే పద్ధతి సాగితే ఆ సీట్లన్నీ ఇప్పుడున్న నాయకుల భార్యలకి, కూతుళ్లకి, కోడళ్లకి పోతాయి. ఇరవై ఏళ్లుగా పొదుపు సంఘాలు నడిపి, బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం, వందమంది లెక్కలు రాయడం నేర్చుకున్న ఆడవాళ్లు వాళ్ల మీటింగుల్లో కుర్చీలు సర్దుతూ ఉంటారు.

3. వీధుల్లో కక్షలు మాకు, పదవులు వాళ్లకి.

2019లో అరకు పార్లమెంటుకి తండ్రి కిశోర్ చంద్రదేవ్ గారు ఒక పార్టీ నుంచి, కుమార్తె శ్రుతిదేవి గారు ఇంకో పార్టీ నుంచి పోటీ చేశారు. ఇద్దర్నీ ఓడించి గెలిచిన మాధవి గారు కూడా మాజీ ఎమ్మెల్యే కుమార్తె. ఒకే ఇంట్లోవాళ్లు వేరే వేరే పార్టీల్లో ఉండటం తప్పు కాదు, అది వాళ్ల హక్కు. కానీ కింద ఏం జరుగుతుందో తెలుసా? మా వీధిలో నేనూ, ఎదురింటాయనా చిన్నప్పటి స్నేహితులం. వేరే వేరే పార్టీల బూత్ ఏజెంట్లం. ఒక ఎన్నికప్పుడు స్లిప్పుల దగ్గర మాటా మాటా పెరిగి ఇద్దరి మీదా కేసు అయ్యింది. నాలుగేళ్లు కోర్టుకి తిరిగాం. వాయిదా ఉన్న రోజు షాపు మూసుకోవాల్సి వచ్చేది. ఆ కేసు కొట్టేశారు గానీ ఈ రోజుకీ మా రెండిళ్ల మధ్య పలకరింపు లేదు. మా ఇద్దరి నాయకులు మాత్రం పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. చేయాల్సిందే, మనుషులు అలాగే ఉండాలి. మా మధ్య గోడ కట్టిన పార్టీలు మాకు కనీసం ఒక ఫోన్ కూడా చేయలేదన్నదే నా బాధ.

4. డబ్బు.

అసెంబ్లీకి డిపాజిట్ 10 వేలు, పార్లమెంటుకి 25 వేలు. అది ఎలాగో తేవచ్చు. ఎన్నికల సంఘం అనుమతించిన ఖర్చే ఒక్కో అభ్యర్థికి అసెంబ్లీకి 40 లక్షలు, పార్లమెంటుకి 95 లక్షలు. చట్టం ఒప్పుకున్న లెక్కే నా షాపు, నా ఇల్లు కలిపి అమ్మినా అందదు. అందుకే మీరు "ఆర్థికంగా స్థోమత ఉందా" అని అడుగుతారు. ఆ ప్రశ్న వేసిన క్షణంలోనే పోటీ పాత కుటుంబాలకీ, కొత్త కాంట్రాక్టర్లకీ మధ్య మిగులుతుంది. రెండో రకం వాళ్లు పెట్టిన డబ్బు తిరిగి రాబట్టుకోవాలని చూస్తారు. ఆ రాబడి మా రోడ్ల మందంలోంచి, మా గెడ్డల (వాగుల) గోడల్లోంచి వస్తుంది.

5. ఈ ఊరి పెద్ద పనులు ఎవరి భుజం మీదా లేవు.

విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. అందులో రాజకీయ వారసులు లేరు, విద్యార్థులు, మామూలు మనుషులు ఉన్నారు. తెన్నేటి వారు ఆ ఉద్యమం ముందు నిలబడ్డారు కాబట్టే ఆ మరుసటి ఏడాది మా నాన్న లాంటి వాళ్లు ఆయన కోసం గోడలు రాశారు. 2021 జనవరిలో ప్లాంటులో వాటాలన్నీ అమ్మాలని కేంద్రం నిర్ణయించినప్పుడు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నది కార్మికులు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది, సంతోషమే, కానీ టెన్షన్ పూర్తిగా పోలేదు. ప్లాంటులో పనిచేసి, యూనియన్లో పదేళ్లు నిలబడిన మనిషి ఒక్కడైనా ఈ ఊరి నుంచి పార్లమెంటులో ఉంటే ఆ మాట బరువు వేరుగా ఉంటుందని నా నమ్మకం.

వారసత్వం గురించే ఇంకో విషయం జాగ్రత్తగా చెప్పాలి. 2018 సెప్టెంబరులో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని మావోయిస్టులు చంపేశారు. ఆ దుఃఖంలో ఉన్న కొడుకు శ్రావణ్ గారిని నవంబరులో మంత్రిని చేశారు. ఏ సభలోనూ సభ్యుడు కాకపోవడంతో ఆరు నెలల గడువు తీరేసరికి 2019 మేలో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు కూడా. ఆ యువకుడి తప్పు ఇందులో ఏమీ లేదు. తండ్రిని పోగొట్టుకున్న ఇంటికి తోడుగా నిలవడానికి మంత్రి పదవి ఒక్కటే దారి అని పార్టీలు ఎందుకు అనుకుంటాయి? మన్యంలో ఆ పార్టీ కోసం ప్రాణాలకి తెగించి తిరిగిన గిరిజన కార్యకర్తలు ఎవరూ ఆ రోజు గుర్తుకు రాలేదు.

ఇవి నా కోరికలు. వీటిలో ఏ ఒక్కటీ కొత్త చట్టం కోసం ఆగక్కర్లేదు. మీరు రేపు మీ ఆఫీసులో కూర్చుని సంతకం పెడితే చాలు.

ఒకటి. జీవీఎంసీ ఎన్నికల్లో ప్రతి వార్డులో మీ పార్టీ సభ్యుల మధ్య రహస్య ఓటింగ్ పెట్టి అభ్యర్థిని ఎంచుకోండి. సభ్యత్వ కార్డులు లక్షల్లో ఇస్తున్నారు. రుసుము కట్టించుకుంటున్నారు. ఆ కార్డుకి ఒక్క ఓటు విలువ ఇవ్వండి. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యం ఉండాలని లా కమిషన్ 1999లోనే తన 170వ నివేదికలో చెప్పింది. 98 వార్డుల్లో ఒకేసారి కష్టమైతే మొదట పది వార్డుల్లో చేసి చూడండి. బ్యాలెట్ కాగితాలు నేను ఉచితంగా జిరాక్సు తీసిస్తాను.

రెండు. పదవిలో ఉన్నవాళ్ల, ఉండి వెళ్లినవాళ్ల దగ్గరి బంధువుకి టికెట్ ఇస్తే ఎందుకిచ్చారో కారణం రాసి ప్రకటించండి. ఆ మనిషి ఆ నియోజకవర్గంలో ఎన్నేళ్లు పనిచేశారు, ఏం చేశారు, ఇంకెవరు అడిగారు, వాళ్లకి ఎందుకు ఇవ్వలేదు. కేసులున్న అభ్యర్థుల విషయంలో ఇలా కారణాలు ప్రకటించాలని, గెలుస్తారు కాబట్టి ఇచ్చాం అంటే చాలదని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో చెప్పింది. ఆ పద్ధతినే బంధువులకీ మీ అంతట మీరే పెట్టుకోండి. కారణం బలంగా ఉంటే మేమే జెండా పట్టుకుని ముందు నడుస్తాం.

మూడు. ఒక ఇంటికి ఒక టికెట్. 2022 మేలో ఉదయ్‌పూర్‌లో కాంగ్రెస్ ఈ మాట తీర్మానంగా చేసింది. రెండో వ్యక్తికి కావాలంటే అయిదేళ్లు పార్టీలో పనిచేసి ఉండాలంది. తీర్మానం చేసినవాళ్లు పాటించండి. చేయనివాళ్లు చేయండి.

నాలుగు. మహిళా వార్డుల్లో కనీసం సగం చోట్ల ఆ వార్డులోనే కాపురం ఉంటూ, మూడేళ్లకి తక్కువ కాకుండా సంఘాల్లోనో పార్టీలోనో పనిచేసిన ఆడవాళ్లకి ఇవ్వండి. వాళ్ల ప్రచార ఖర్చు పార్టీ నిధి నుంచి పెట్టండి. గెలిచాక కౌన్సిల్ మీటింగుకి, అధికారుల దగ్గరికి ఆవిడే వెళ్లాలి. భర్త, మామ, మరిది వెళ్తే పార్టీ పరంగా చర్య తీసుకుంటామని ముందే ప్రకటించండి. ఈ ఒక్క కోరిక విషయంలో నేను ఏ సర్దుబాటుకీ ఒప్పుకోను, మిగతావాటిలో మీరు మార్పులు చెబితే వింటాను.

అయిదు. స్థానిక ఎన్నికలు గడువులోపు జరుపుతామని, ఏ ప్రభుత్వం వాయిదా వేసినా కలిసి కోర్టుకి వెళ్తామని అన్ని పార్టీలూ ఒకే కాగితం మీద సంతకం పెట్టండి. 2012 నుంచి 2021 దాకా జరిగింది ఇంకోసారి జరగకూడదు.

ఆరు. ఎన్నికల గొడవల్లో కేసులున్న కార్యకర్తల జాబితా ప్రతి జిల్లా ఆఫీసులోనూ తయారు చేయండి. రాజీకి వీలున్న కేసుల్లో రెండు పక్షాల్నీ కూర్చోబెట్టి మాట్లాడండి. మా వీధి నుంచి మొదలుపెట్టినా సరే.

నాకు ఇప్పుడు టికెట్ అక్కర్లేదు. వయసు యాభై అయిదు దాటింది, షుగర్ ఉంది. నా కొడుక్కి ఇవ్వమని కూడా అడగను. వాడు పనిచేస్తే, పక్కనున్న సభ్యులు వాడికి ఓటేస్తే అప్పుడు చూద్దాం.

మా వార్డు కమిటీ ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం అయిదు గంటలకి మా షాపు ముందు కూర్చుంటుంది. ఎదురింటాయన్ని కూడా ఈసారి పిలిచాను. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. డ్వాక్రా లీడరు ఎప్పుడూ వస్తుంది, పాత నోటుబుక్ తెస్తుంది. ఏ పార్టీ నుంచైనా మీరు రండి, లేదా మీ తరఫున సంతకం పెట్టగలిగే మనిషిని పంపండి. పైన రాసిన ఆరు కోరికలూ ఒక కాగితం మీద టైప్ చేయించి ఉంచాను, ప్రతి పార్టీకీ ఒక కాపీ.

ఇట్లు,
ఒక బూత్ కార్యకర్త,
కంచరపాలెం, విశాఖపట్నం